ఊరిగాం మాట

ఊరిగాం,
20 మే 2023

బావకు,

అక్కా నువ్వూ బాగున్నారని అక్క పంపే ఫొటోల్లోనే తెలుస్తోంది కాబట్టి క్షేమసమాచారాల పేరా దాటేస్తున్నాను. ఫోన్ చేయలేదని తిట్టుకోకు. ఎడమ చెవి ఎప్పుడో పోయిందని నీకు తెలుసు, ఇప్పుడు కుడిది కూడా దాని దారే పట్టింది. డాక్టరు మిషను పెట్టుకోమన్నాడు. పెట్టుకుంటే ఆటోల హారన్లన్నీ వినబడుతున్నాయి గానీ మనుషుల మాట మాత్రం వినబడటం లేదు. పోనీ మెసేజ్ పెడదామంటే నువ్వు బొటనవేలు బొమ్మ పంపి ఊరుకుంటావు. అందుకే ఉత్తరం రాసి, ఫొటో తీసి మెయిల్లో పంపుతున్నాను. దీనికి బొటనవేలు చూపిస్తే ఊరుకోను.

నిన్న మీ పెర్త్ ఆఫీసు నుంచి కొత్త బోర్డు దిగింది. పాతది తీయించాను. ఇక్కడి బంగారు గని మూసేసిన ఏడాది మనిద్దరం ఈ పాత కంపెనీ ఇంటి వరండాలో నిచ్చెనెక్కి తగిలించుకున్నాం చూడు, ‘ఊరిగాం గ్రౌండ్ ఇంజనీర్స్’ అని, అది. ఇప్పుడు మన పేరు ‘ఓజీఈ గ్లోబల్’ అట. కింద సన్న అక్షరాల్లో పెర్త్, లుసాకా, లిమా, మనీలా, బెంగళూరు. ఊరిగాం యాడుందా అని భూతద్దం పెట్టి వెతికాను, లేదు. చర్చి నుంచి వచ్చేవాళ్ళు ఆగి చదివి, కొరియర్ ఆఫీసు తెరిచారా అని అడిగి పోతున్నారు.

కోపం లేదులే. భూమి లోపల రాయి ఎప్పుడు పగులుతుందో ముందుగా చెప్తామంటే ఆ రోజుల్లో మనల్ని చూసి నవ్వినవాళ్ళే ఎక్కువ. ఇప్పుడు ఎక్కడెక్కడి గనులవాళ్ళో మనల్ని అడిగి తవ్వుతున్నారు. నాకు గర్వంగానే ఉంది. ఈ మాట అక్కతో చెప్పకు, ఏడిపిస్తుంది.

అసలు సంగతి. శశికుమార్‌ని లుసాకాకు పంపమన్నావు, పంపుతున్నాను. నా దగ్గర పని నేర్చుకున్నవాళ్ళలో వీడంత బుద్ధిమంతుడు లేడు. వాళ్ళది శ్రీనివాసపురం పక్కన పల్లె. మామిడి తోట, పట్టుపురుగులు, తల్లి మునివెంకటమ్మ. తండ్రి లేడు. ఆమె ససేమిరా అంటే నేనే తోటకు పోయి ఒప్పించాను. కాయలు లారీకి ఎక్కిస్తూనే, నా వైపు తిరిగి ఒకటే అడిగింది: “మీ బావ ఉండాడు కదప్పా ఆడ?”

ఉన్నాడమ్మా, మా ఊరివాడే, నీ కొడుకును చూసుకుంటాడు అన్నాను. నువ్వుండేది ఒక దేశం, వాడు పోయేది ఒక దేశం అని చెప్పలేదు. వాడు దిగాక ఒకసారి తెలుగులో మాట్లాడు బావా. నా మాట నిలబెట్టు.

ఉమేశ్

పెర్త్,
11 జూన్ 2023

ఉమేశా,

నీ ఉత్తరం చదివి వీణ నవ్వి నవ్వి, చెవి సంగతి దగ్గరికి వచ్చేసరికి లేచి వంటింట్లోకి పోయింది. ఇంత ముదిరేదాకా సొంత అక్కకు ఎందుకు చెప్పలేదని దాని కోపం. ఆ కోపం నా మీద చూపిస్తోంది. నీ వాటా నువ్వు వచ్చి తీసుకో.

బోర్డు మీద ఊరిగాం పెట్టమని నేను అడగకపోలేదు. డిజైన్ వాళ్ళు పట్టదన్నారు. సరే, ఇంగ్లీషులో ఊరిగాం మొదటి అక్షరం ‘ఓ’ ఉంది కదా అని సమాధానపడ్డాను. మొన్న ఒక పెద్ద క్లయింట్, ఓ అంటే సున్నా కదా, సున్నా ప్రమాదం అని కదా మీ ఉద్దేశం అన్నాడు. నేను దిద్దలేదు. నిజం చెప్పాలంటే బాగుంది అనిపించింది.

శశితో తెలుగులోనే మాట్లాడాను. “సార్, మీరు మా మాదిరే మాట్లాడతా ఉండారే!” అని సంబరపడ్డాడు. మంచి పిల్లవాడు. వాళ్ళమ్మకు ఫోన్ చేసి, వసంత్ సార్ మన మనిషే అని చెప్పుకున్నాడట.

ఒక్క సంగతి నువ్వు వాడికి నచ్చజెప్పాలి. మన రిపోర్టులు ఇప్పుడు నువ్వు రాస్తే నేను చదువుకునేవి కావు. జాంబియాలో రాసింది మనీలాలో చక్కదిద్దుతారు, పెర్త్‌లో బొమ్మలు గీస్తారు. నీ శిష్యుల ఇంగ్లీషులో ఊరిగాం వాసన కొడుతోందని ఇక్కడివాళ్ళు సణుగుతున్నారు. కొంచెం తగ్గించుకోమను. నీకు భయం వద్దు, చివర్లో నా సంతకం లేనిదే ఏ కాగితమూ గనికి పోదు. ఎంత పెరిగినా చివరి కన్ను మన ఊరిదే.

వసంత్

ఊరిగాం,
2 అక్టోబర్ 2023

బావకు,

శశి మెసేజ్‌లు చూసి నిద్ర సరిగ్గా పట్టడం లేదు. వాడు చూస్తున్న గనిలో అట్టడుగు మట్టంలో, పడమటి కొసన, రాయి మాట్లాడుతోంది అంటాడు. టక్కుటక్కుమని చప్పుళ్ళు. గోడల నుంచి పెచ్చులు వాటంతటవే ఎగిరి పడుతున్నాయి. మన యంత్రాలు పట్టిన అంకెలన్నీ పంపితే నేనూ కూర్చుని చూశాను. సందేహం లేదు బావా, ఎయిర్ బ్లాస్ట్ వస్తుంది. ఎప్పుడో చెప్పలేం గానీ వస్తుంది. ఆ కొస నుంచి మనుషుల్ని తీసేయాలని రాయమన్నాను. రాసేశాడు. ఈ వారంలో నీకు చేరుతుంది.

వాడికి ఈ మాట అలవాటు చేసింది నేనే. వచ్చిన కొత్తలో పుస్తకంలో ఉన్నట్టు ‘రాక్ బర్స్ట్’ అనేవాడు. ఈ ఊర్లో దాని పేరు అది కాదురా అని నవ్వేవాణ్ణి. లోపల రాయి బరువుకు తట్టుకోలేక ఒక్కసారిగా పగిలితే, ఆ తోపుకు గాలి వచ్చి మొహాన కొట్టేదట, దీపాలు ఆరిపోయేవట. అందుకే మన పాతవాళ్ళు ఎయిర్ బ్లాస్ట్ అన్నారు. పేరు గాలిది, చంపేది రాయి అని చెప్తే వాడు ఎంత ముచ్చటపడ్డాడో. ఇప్పుడు వాడి నోట ఆ మాట వింటే, గనిలో పుట్టి పెరిగినవాడు అనుకుంటారు.

నీకు ఇదంతా ఎందుకు చెప్తున్నాను? మీ నాయన లోపల ఉండిపోయిన రోజు, మా ఇంట్లో కూడా గూట్లో గిన్నెలు కింద పడ్డాయి. మీ అమ్మ చెప్పుల్లేకుండా, గనిలోకి దిగే షాఫ్ట్ దగ్గరికి పరిగెత్తింది. “ఎయిర్ బ్లాస్టంట, ఎయిర్ బ్లాస్టంట” అని వీధి వీధంతా అదే మాట. నువ్వు బడి నుంచి వస్తూ ఆ మాట విని నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నావో నాకు ఇంకా గుర్తుంది.

గనివాళ్ళు బేరాలాడతారు. పని ఆపలేం అంటారు. నువ్వు ఒప్పుకోకు.

ఉమేశ్

సింగపూర్ విమానాశ్రయం,
9 అక్టోబర్ 2023

ఉమేశా,

విమానం మారే చోట కూర్చుని హడావిడిగా టైపు చేస్తున్నాను. శుభవార్త. టొరంటోలో మనకంటే పెద్ద సంస్థ ఒకటి మనతో కలవడానికి ఒప్పుకునేలా ఉంది. అది జరిగితే ప్రపంచంలో గనుల పని చేసే సలహా సంస్థల్లో మనది మొదటి వరసలో ఉంటుంది. ఊరిగాం వరండాలో ఒక టేబుల్, రెండు కుర్చీలు! ఎవరితోనైనా చెప్పుకుందామంటే ఇక్కడ నాకు తెలిసినవాళ్ళు లేరు. నీకే చెప్తున్నాను.

శశి రిపోర్టు వచ్చింది. ఇప్పుడే చూసి సంతకం పెట్టాను. చక్కగా రాశాడు. మనుషుల్ని మొత్తంగా తీసేస్తే గని ఆగిపోతుంది, క్లయింట్ అంత దూరం రాడు. అందుకని మనవాళ్ళు రక్షణ గోడ ఒకటి గీశారు. మంచి డిజైన్. నువ్వు హాయిగా నిద్రపో.

పిలుస్తున్నారు. ఉంటాను.

వసంత్

ఊరిగాం,
19 నవంబర్ 2023

బావకు,

శశిని మొన్న వాళ్ళ తోటలోనే మట్టి చేశాం.

బెంగళూరు విమానాశ్రయం నుంచి పెట్టెతో పాటు వచ్చింది నేనే. కోలారు దగ్గర టమాటా లారీలు రోడ్డుకు అడ్డం పడి అంబులెన్సు చాలాసేపు ఆగిపోయింది. లారీ డ్రైవరు దిగి వచ్చి ఏదో అడిగాడు. పెదాలు చూసి, ఎవరప్పా అంటున్నాడని అర్థమైంది. నా కొడుకు అని నోట్లోంచి వచ్చేసింది. దిద్దుకోలేదు.

కంపెనీ పంపిన పూలదండకు రిబ్బను కట్టి, దాని మీద కంపెనీ పేరు అచ్చు వేయించారు. మునివెంకటమ్మ దాన్ని పక్కకు కూడా జరపలేదు, చూడనే లేదు. పెట్టె మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. “తెరవొద్దంటా ఉండారు. ఎందుకు తెరవొద్దంట? నాకు చెప్పప్పా” అని మళ్ళీ మళ్ళీ అడిగింది. నాకు తెలుసు ఎందుకో.

లుసాకా ఆఫీసులో శశితో పనిచేసిన అమ్మాయి నాకు ఆ గోడ బొమ్మ పంపింది. చూశాను. అది గాలిని ఆపే గోడ బావా. ఎక్కడో పైకప్పు కూలితే గాలి తోసుకువస్తుందని గోడ కట్టారు. దాని వెనక, గట్టి రాయిని ఆనుకుని, మనుషులు తలదాచుకోవడానికి తావు చేశారు. చప్పుళ్ళు ఎక్కువైతే పరిగెత్తి అక్కడికి పోవాలని నియమం పెట్టారు. చప్పుళ్ళు ఎక్కువయ్యాయి. శశి, ఆ గని మనుషులు ఇద్దరు, నియమం ప్రకారం అక్కడికే పోయారు. పగిలింది ఆ గట్టి రాయే. గోడకు అవతల, ఖాళీగా ఉన్న చోట, ఒక్క పెచ్చు కూడా రాలలేదట.

మిగతా లోకంలో ఎయిర్ బ్లాస్ట్ అంటే గాలే అట. ఆ అమ్మాయి చెప్తే నాకు ఈ వయసులో తెలిసింది. మనీలా వాళ్ళకు మన మాట తెలీదు. పెర్త్ వాళ్ళకూ తెలీదు. వాళ్ళను నేను ఒక్క మాట అనను. నీకు తెలుసు. ఈ భూమ్మీద ఆ మాట నీకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదు. సంతకం నీది.

నువ్వు చదివావా?

ఉమేశ్

పెర్త్,
5 డిసెంబర్ 2023

ఉమేశ్‌కు,

నీ బాధ నాకు అర్థమైంది. ఇక్కడ మేమందరం అదే బాధలో ఉన్నాం. విచారణ నడుస్తున్నందున ఏదీ రాతలో పెట్టవద్దని లాయర్లు చెప్పారు. అయినా నువ్వు కాబట్టి రాస్తున్నాను.

ఇలాంటి ప్రమాదాలకు కారణం ఒకటే ఉండదు. పని చాలా చేతులు మారింది. సంస్థ తయారుచేస్తున్న నివేదికలో ఈ విషయం మీద ఒకే వాక్యం ఉంటుంది: మరణించిన ఇంజనీరు స్థానికంగా వాడే పదాన్ని రిపోర్టులో ఉపయోగించడం వల్ల అపార్థం కలిగింది అని. అందులో అబద్ధం లేదు. ఆ పదం రాసింది అతనే. ఊరిగాం ఆఫీసు పెద్దగా నువ్వు, అవును, అది మా ప్రాంతపు వాడుక అని సంతకం పెడితే విచారణ ముగుస్తుంది. టొరంటో వాళ్ళు కూడా దాని కోసమే ఆగి ఉన్నారు.

నువ్వు కోపంగా ఉన్నావు కాబట్టి ఒక్క విషయం ఆలోచించమంటాను. ఇన్ని దేశాల్లో ఇంతమంది మన మీద ఆధారపడి బతుకుతున్నారు. పోయిన పిల్లవాడికి ఒక వాక్యం వల్ల కొత్తగా జరిగే నష్టం లేదు. ఉన్నవాళ్ళకు ఉంది.

ఈ సంగతులు వీణకు రాయకు. ఇప్పటికే సరిగ్గా తినడం లేదు.

వసంత్

ఊరిగాం,
14 డిసెంబర్ 2023

బావా,

సంతకం పెట్టను. నేను అడిగింది ఒక్కటే. దానికి నువ్వు జవాబు రాయలేదు.

నీ నివేదిక ఇంకా అచ్చు కాకముందే మీ బెంగళూరు ఆఫీసు నుంచి ఎవరో మంచి చొక్కా వేసుకుని మునివెంకటమ్మ ఇంటికి పోయి, మీ అబ్బాయి ఒక మాట తప్పు రాశాడమ్మా అని చెప్పి వచ్చారు. నీకు తెలిసే జరిగిందో తెలియక జరిగిందో నేను అడగను.

నిన్న ఆమె ఇక్కడికి వచ్చింది. బస్సులు మారి, దారి అడుగుతూ, చర్చి దగ్గర దిగి ఈ ఆఫీసు వెతుక్కుంటూ వచ్చింది. కొడుకు కూర్చునే కుర్చీ ఏది అని అడిగి, దాంట్లో కూర్చోకుండా దాని పక్కన నేల మీద కూర్చుంది. నాకు వినబడదని గుర్తుపెట్టుకుని, నా మొహానికి ఎదురుగా తిరిగి నిదానంగా అడిగింది.

“వాడు తప్పు రాసినాడంట. వాడి తప్పుకు వాడు సచ్చింది కాక, ఇంగ ఇద్దరు సచ్చినారంట. నిజమేనా అప్పా?”

కాదమ్మా అన్నాను.

“ఆ ఇద్దురికీ అమ్మలు ఉంటారు కదా. వాళ్ళు నా కొడుకును తిడతా ఉంటారు కదా. నాకు తిండి పోవడం లేదప్పా. వాడు పోయినాడని ఏడ్చేదానికి కూడా లేకుండా పోయింది. వాళ్ళ తిట్లు నాకు ఈడికి వినబడతా ఉండాయి.”

వాడు సరిగ్గానే చెప్పాడమ్మా, మనుషుల్ని తీసేయమనే రాశాడు అన్నాను. “అట్లయితే తప్పు ఎవురిది?” అంది. చెప్తాను, కొన్నాళ్ళు ఆగమన్నాను. ఎందుకు ఆగమన్నానో నీకు తెలుసు.

చనిపోయినవాడికి నష్టం లేదని రాశావే, ఆ వాక్యం నువ్వే రాశావా, లాయర్లు రాసిచ్చారా? మీ నాయన గురించి ఎవరైనా అలా రాసి ఉంటే మీ అమ్మ ఏమనేది?

ఉమేశ్

పెర్త్,
2 జనవరి 2024

ఉమేశా,

చదివాను.

చదవకుండా సంతకం పెట్టి ఉంటే ఎంత బాగుండేది. తొందరలో ఉన్నాను, చూసుకోలేదు అని చెప్పుకుని ఎలాగో బతికేవాణ్ణి. ఆ వాక్యం నేను చదివాను. ఎయిర్ బ్లాస్ట్ అని ఉంది. నాకు గాలి కనబడింది. గాలి, దానికి గోడ, సరిపోయింది అనుకున్నాను. మా నాయన గుర్తుకు రాలేదు. అమ్మ గుర్తుకు రాలేదు. వారం ముందే నువ్వు ఇదంతా విడమరిచి రాసిన ఉత్తరం నా మెయిల్లో ఉంది ఉమేశా, పైన నాలుగు లైన్లు చూసి, విమానంలో తీరిగ్గా చదువుదామని పెట్టుకున్నాను. విమానంలో నిద్రపోయాను.

ఇన్నేళ్ళూ ఇక్కడి మీటింగుల్లో ఆ మాటను వాళ్ళ అర్థంలోనే వింటూ, వాళ్ళ అర్థంలోనే అంటూ వచ్చాను. నాలో అది ఎప్పుడు మారిపోయిందో నాకే తెలీదు. చివరి కన్ను మన ఊరిదే అని నీకు గొప్పగా రాశాను. అది మన ఊరిది కాకుండా పోయి ఎంత కాలమైందో.

వీణతో మొత్తం చెప్పాను. అది కూడా నీలాగే, నువ్వు చదివావా అనే అడిగింది. అవునన్నాను. ఆ తరువాత మాట్లాడటం లేదు.

నివేదికలో శశి మీద రాసిన వాక్యం తీయించాను. ఆ చోట నా పేరు, నేను చేసిన పని రాయించాను. టొరంటో వాళ్ళు వెనక్కి తగ్గారు. క్లయింట్లు ఒక్కొక్కరే ఫోన్లు ఎత్తడం మానేస్తున్నారు. నన్ను పక్కకు తప్పుకోమని డైరెక్టర్లందరూ అన్నారు, తప్పుకున్నాను. వీటికి పెద్దగా బాధ లేదు. ఆ పిల్లవాడు నాతో మాట్లాడిన తెలుగు మాటలు చెవిలో తిరుగుతున్నాయి, దానికే తట్టుకోలేకపోతున్నాను.

ఈ నెలలోనే బెంగళూరు వస్తున్నాను. నేరుగా మునివెంకటమ్మ దగ్గరికి పోతాను. తప్పు నాది, నా ఒక్కడిదే అని నేనే చెప్తాను. నువ్వు రావద్దు. ఇందులో నీకు ఏ సంబంధమూ లేదు.

వసంత్

ఊరిగాం,
11 జనవరి 2024

బావా,

నిన్ను తిట్టడానికి మాటలు ఏరి పెట్టుకుని కూర్చున్నాను. నీ ఉత్తరం చదివి ఏడ్చాను. నాకు సంబంధం లేదన్నావు చూడు, అక్కడ ఇంకా ఏడ్చాను.

ఉంది. నీకు రాయలేదు. గోడ కడుతున్నప్పుడు శశి నాకు మెసేజ్ పెట్టాడు. “సార్, మనుషుల్ని తీయమని రాస్తే గోడ కడతా ఉండారు. ఎందుకో అర్థం కాలేదు. పెర్త్‌కు రాసి అడగనా?” అని. నేనేం జవాబిచ్చానో తెలుసా? “వసంత్ సార్ సంతకం పెట్టినాడు కదరా. ఆయన నాయన దాంతోనే పోయినాడు. ఆయనకు తెలీనిదా? ఆ గోడకు ఏదో లెక్క ఉంటుంది. అడిగితే బాగుండదు” అని. “సరే సార్, మన ఊరాయనే కదా” అని వాడు ఊరుకున్నాడు. వేరే ఊరివాడి సంతకం అయ్యుంటే వాడూ అడిగేవాడు, నేనూ అడిగేవాణ్ణి. నీదని అడగలేదు.

నీ ఉత్తరం అందిన మరుసటి రోజే శ్రీనివాసపురం బస్సు ఎక్కాను. మునివెంకటమ్మ పట్టుపురుగులకు ఆకు తరుగుతోంది. నువ్వు చేసింది చెప్పాను, నేను చేసింది చెప్పాను. చెప్తున్నంతసేపూ చెయ్యి ఆపలేదు. చివరికి కత్తి కింద పెట్టింది.

“అడగతానన్నాడా వాడు?”

“అడుగుతానన్నాడమ్మా.”

“నువ్వు వద్దన్నావా?”

“వద్దన్నాను.”

లేచి నిలబడింది. కొడుతుందేమో అనుకున్నాను. కొట్టి ఉంటే నాకు సులువుగా ఉండేది. మా బావ వస్తున్నాడమ్మా, తప్పంతా తనదే అని నీ కాళ్ళ మీద పడతాడు అన్నాను.

“నా కాడికి ఎందుకప్పా? నా కొడుకు తప్పు చెయ్యడని నాకు తెలుసు. ఆ తల్లులకు తెలీదు కదా. ఇద్దురూ ఆడికి పోండి. శశి తప్పు రాయలేదమ్మా, మేము చేసినాము అని వాళ్ళ ముందర నిలబడి చెప్పండి. వాళ్ళు ఏమంటే అది పడండి. ఆమీట రండి మా ఇంటికి.”

పోతాం అని మాట ఇచ్చాను బావా. నీ తరఫున కూడా ఇచ్చాను. బెంగళూరు టికెట్టు మానుకుని లుసాకాకు తీసుకో, నాకూ ఒకటి తియ్యి. అక్కడ నుంచి ఆ గని ఊరికి ఎలా పోవాలో, గోడ బొమ్మ పంపిన ఆ అమ్మాయిని అడుగుతాను.

నేను లేచి వస్తుంటే ఎదురొచ్చి, ఆ పిల్లోళ్ళ పేర్లేమప్పా, దేవుడి ముందర దీపం పెట్టేటప్పుడు శశి పేరుతో పాటు వాళ్ళ పేర్లూ చెప్పుకుంటాను అంది. నాకు తెలీదు బావా. ఇంటికి వచ్చి అన్ని కాగితాలూ తిరగేశాను. మనం రాసుకున్న ప్రతిచోటా ‘ఇద్దరు స్థానిక కార్మికులు’ అనే ఉంది. నీ పేరు పెట్టి దిద్దిన నివేదికలో కూడా అంతే.

టికెట్టు సంగతి తరువాత. ముందు ఆ పేర్లు కనుక్కో.

ఉమేశ్